పాత ఇళ్ల చిమ్నీ లీకులు

ఇటుక చిమ్నీ గుండా గానీ, అది పైకప్పును దాటి బయటికి వచ్చే చోట గానీ నీరు ఇంట్లోకి దిగడాన్ని చిమ్నీ లీకు అంటారు. చాలాసార్లు ఆ నీరు వానదో, కరిగిన మంచుదో అయి ఉంటుంది. కొన్ని ఇళ్లలో మాత్రం గ్యాసు మండినప్పుడు పుట్టిన ఆవిరే చిమ్నీలో చల్లబడి నీరై కారుతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, షికాగో చుట్టుపక్కలా, బ్రిటన్‌లోనూ వందేళ్ల వయసున్న ఇళ్లకు ఇది మామూలు జబ్బు, మొండి జబ్బు కూడా. తెలుగునాట ఈ బెడద లేదు. మన పెంకుటిళ్లలో వంటపొగ పెంకుల సందుల్లోంచో పొగగూడులోంచో పోయేది. గదిగదికీ నిప్పుగూడు పెట్టి, దాని పొగకు ఇంటి నెత్తి దాటేంత ఇటుక గొట్టం కట్టాల్సిన చలి మనకు లేదు. అందువల్ల న్యూజెర్సీలోనో ఇలినాయ్‌లోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు తమ ఇంటి భాగాలన్నిటిలోకీ తక్కువ తెలిసింది చిమ్నీయే.

ఈ లీకు వరస ఎప్పుడూ ఒకటే. చిమ్నీ ఉన్న గోడ పక్కన, సీలింగు మీద టీ ఒలికినట్టు ఒక మరక వస్తుంది. కప్పు పనివాడు వచ్చి చిమ్నీ మొదట్లో నల్లటి తారు ముద్ద మెత్తి వెళ్తాడు. కొన్నాళ్లు ఆగుతుంది. గాలివాన వచ్చిన రాత్రి మళ్లీ కారుతుంది. మళ్లీ తారు. పాత చిమ్నీల చుట్టూ ఇలా పొర మీద పొరగా పేరుకున్న తారు కనిపిస్తే, ఆ ఇంట్లో లీకు ఎక్కడిదో ఎవరూ కనుక్కోలేదని అర్థం. నీరు లోనికి రాగల దారులు చిమ్నీకి అరడజను ఉంటాయి, మరక మాత్రం ఒకటే. మరక పడిన చోటికీ నీరు చొరబడిన చోటికీ మధ్య ఒక్కోసారి గది పొడవంత దూరం ఉంటుంది.

కట్టుబడి

ఇంటి కప్పు కర్ర పని. చిమ్నీ తన పునాది మీద తాను నిలబడిన ఇటుక స్తంభం. ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, ఉండకూడదు కూడా. కర్ర పొడికాలంలో ముడుచుకుని తేమకాలంలో ఉబ్బుతుంది, పైన మంచు పేరుకుంటే వాసాలు కాస్త వంగుతాయి. చిమ్నీ తన బరువుకు తాను నేలలోకి దిగుతుంది. రెండింటి కదలికలూ వేరు. వాటి మధ్య సందును బిగుసుకుపోయే పదార్థంతో, అది సిమెంటు కానివ్వండి తారు కానివ్వండి, మూస్తే అది ఎప్పుడో ఒకప్పుడు పగలక తప్పదు. చిమ్నీ లీకుల్లో పెద్ద వాటా ఈ ఒక్క సంగతి మరచిపోవడం వల్లే వస్తుంది.

పొగ పోయే లోపలి గొట్టాన్ని ఫ్లూ అంటారు. 1900కు ముందు కట్టిన చాలా చిమ్నీల్లో ఫ్లూకు వేరే గొట్టమంటూ ఉండదు, ఇటుక గోడే ఫ్లూ. బ్రిటన్‌లో ఆ గోడ లోపలివైపు సున్నపు గారలో పేడ కలిపి పూసేవారు. నేలలు పేడతో అలికిన మనకు అందులో వింత లేదు. ఆ పూత వేడికి బీటలు వారకుండా నిలిచేది. తర్వాతి కాలంలో కాల్చిన మట్టి గొట్టాలు వచ్చాయి. కొత్తగా కట్టే చిమ్నీలన్నిటికీ లోపలి గొట్టం ఉండి తీరాలని బ్రిటన్‌లో 1965 నాటి భవన నిబంధనలు తేల్చాయి.

స్తంభం నెత్తిన, ఫ్లూ నోటి చుట్టూ, నీరు బయటికి జారేలా వాలుగా పోసిన దిమ్మెను క్రౌన్ అంటారు. దాని మీద ఫ్లూ నోటికి వాన పడకుండా పెట్టే రేకు గొడుగు క్యాప్. కింద, కప్పును కలిసే చోట నాలుగు వైపులా ఉండే రేకు కట్టు ఫ్లాషింగ్. ఇంకా కిందికి, నిప్పుగూడు మెడ వెనక స్మోక్ షెల్ఫ్ అనే చిన్న అరుగు ఉంటుంది. 1790ల్లో కౌంట్ రంఫర్డ్ నిప్పుగూడు మెడను ఇరుకు చేసి పొగ బాగా లాగేలా మార్చిన తర్వాత ఈ అరుగు ప్రచారంలోకి వచ్చింది. క్యాప్ లేని చిమ్నీలో వాన నేరుగా వచ్చి పడేది దీని మీదే. ఒక చదరపు అడుగు నోరున్న ఫ్లూలో ఒక అంగుళం వాన పడితే దాదాపు 2.4 లీటర్ల నీరు లోపలికి వచ్చినట్టు. ఆ నీరు మసితో కలిసి అరుగు మీద నిలిచి, వేసవిలో గదంతా కాలిన వాసన వేస్తుంది. లీకు ఉందని కొందరికి మొదట తెలిసేది ఈ వాసన వల్లే.

ఇటుక నాణ్యత సంగతీ చెప్పుకోవాలి. షికాగోలో 1910, 1940 మధ్య కట్టిన ఇటుక బంగళాలు దాదాపు 80 వేలు. వాటి వీధి ముఖానికి నున్నటి, గట్టి ఇటుక వాడారు. పక్క గోడలకూ చిమ్నీకీ మెత్తటి, నీరు పీల్చే స్థానిక ఇటుక వాడారు. ఎవరూ చూడరు కదా అని చవక సరుకు పెట్టిన చోటే వానా మంచూ అన్ని వైపుల నుంచీ కొట్టేది.

నిప్పు ఆరాక

పాత చిమ్నీ వాన తాగేలాగే కట్టింది. ఇటుక, సున్నం రెండూ నీరు పీలుస్తాయి, మళ్లీ వదిలేస్తాయి. లోపల రోజూ నిప్పు మండుతున్నంత కాలం పీల్చిన తేమ పీల్చినట్టే ఆరిపోయేది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన బొగ్గుపొగ మంచు వేల ప్రాణాలు తీసింది. ఆ దెబ్బతో 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, ఇళ్లలో బొగ్గు కుంపట్లు క్రమంగా ఆరిపోయాయి, వాటి స్థానంలోకి గ్యాసు వచ్చింది. అమెరికాలోనూ చమురూ గ్యాసూ అదే పని చేశాయి. చిమ్నీలు నిలబడే ఉన్నాయి, వానా కురుస్తూనే ఉంది, ఆరబెట్టే వేడి మాత్రం పోయింది. నాలుగు తరాలు పొడిగా ఉన్న గోడ ఉన్నట్టుండి చెమ్మ పట్టిందంటే కప్పును అనుమానించే ముందు, నిప్పుగూడు ఎప్పుడు మూసేశారో అడగడం మంచిది.

గ్యాసుతో ఇంకో చిక్కు ఉంది. ఒక ఘనమీటరు సహజవాయువు మండితే సుమారు లీటరున్నర నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంటిని వేడిచేసే పాతకాలపు ఫర్నేసు తన వేడిలో చాలా భాగాన్ని చిమ్నీలోకే వృథాగా వదిలేది కాబట్టి ఆ ఆవిరి వేడిగా బయటికి వెళ్లిపోయేది. కొత్త రకం ఫర్నేసులు వేడిని దాదాపు మొత్తం ఇంటికే ఇచ్చి, మిగిలిన చల్లటి పొగను గోడలోంచి ప్లాస్టిక్ గొట్టంతో బయటికి పంపుతాయి. అప్పుడు పెద్ద ఇటుక చిమ్నీకి మిగిలేది నీళ్లు కాచే గ్యాసు హీటరు ఒక్కటే. అంత పెద్ద ఫ్లూను వేడెక్కించే సత్తా దానికి ఉండదు. పొగ ఉష్ణోగ్రత సుమారు 55 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. పొగలో వేరే గాలి కలిస్తే ఆ హద్దు ఇంకాస్త తగ్గుతుంది. ఆ నీటికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. అది సున్నాన్ని తినేస్తూ, పాత మసిలోని లవణాలను కరిగించుకుంటూ ఇటుకల గుండా గది గోడ మీదికి వస్తుంది. అమెరికా హీటింగ్ మెకానిక్‌లు ఇలాంటి హీటరును అనాథ హీటరు అంటారు. జనవరిలో, చుక్క వాన లేని వారంలో, చిమ్నీ గోడ తడిసిందంటే కప్పెక్కి వెతకడం దండగ. నేలమాళిగలోకి దిగి ఫ్లూకు ఏమేం కలిపారో చూడాలి.

నీరు చొరబడే చోట్లు

అన్నిటికంటే ఎక్కువగా లీకయ్యేది ఫ్లాషింగ్, అన్నిటికంటే ఎక్కువగా తప్పుగా కట్టేదీ అదే. కాబట్టి దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

వాలు కప్పు మీద షింగిల్స్ లేదా పెంకులు వరస మీద వరసగా, పై వరస కింది వరసను కప్పుతూ ఉంటాయి. చిమ్నీ పక్క గోడ వెంబడి ఒక్కో వరసకు ఒక్కో రేకు ముక్క పెడతారు. మధ్యకు నిలువుగా మడిచిన ఆ ముక్కలో సగం షింగిల్ కింద కప్పు మీద పడుకుంటుంది, సగం ఇటుక గోడకు ఆనుకుని నిలబడుతుంది. తర్వాతి వరస షింగిల్, దాని మీద తర్వాతి రేకు, అలా మెట్లుమెట్లుగా పైకి పోతుంది. దీన్ని స్టెప్ ఫ్లాషింగ్ అంటారు. ఈ ముక్కల్ని కప్పు కర్రకే మేకు కొడతారు, గోడకు కొట్టరు. ఇక గోడవైపు ఇటుకల మధ్య గార సందును అంగుళం లోతున కోసి, అందులోకి ఇంకో రేకు అంచు దూర్చి, కిందికి మడిచి, నిలబడి ఉన్న మొదటి రేకుల మీదుగా వేలాడదీస్తారు. ఇది కౌంటర్ ఫ్లాషింగ్. దీని పట్టు గోడతోనే, కప్పుతో కాదు. కప్పు కదిలితే కింది రేకు దాంతోపాటు కదులుతుంది, పై రేకు చిమ్నీతో ఉండిపోతుంది, రెండింటి మధ్యా ఒరిపిడే తప్ప చిరుగు ఉండదు. గోడ మీద జారిన నీరు పై రేకు మీదుగా కింది రేకు మీదికి, అక్కడి నుంచి షింగిల్ మీదికి దిగిపోతుంది. ఇందులో జిగురు లేదు, తారు లేదు. నీటికి కిందికి జారే గుణం ఉన్నంత కాలం ఈ ఏర్పాటు పనిచేస్తుంది.

పాత ఇళ్ల మీద కనిపించేది తరచూ దీనికి భిన్నం. మెట్ల ముక్కల బదులు ఒకే పొడవాటి రేకు ఉంటుంది. లేదా కౌంటర్ ఫ్లాషింగ్‌ను గోడలోకి దూర్చకుండా పైపైన ఆనించి, పై అంచున సీలెంటు గీత గీసి ఉంటారు. ఆ గీత ఎండి, ఇటుక నుంచి వెంట్రుకవాసి విడిపోయిందంటే చాలు, వాన అందులోకి దారి చేసుకుంటుంది. కొత్త షింగిల్స్ వేసే ముఠాలు పాత రేకును పీకకుండా దాని మీదే పని ముగించడం మరో ఆనవాయితీ. బ్రిటన్‌లో ఇదే పనికి సీసం రేకు వాడతారు. కోడ్ 4 అనే 1.8 మిల్లీమీటర్ల మందం మామూలు. సీసం ఎండకు బాగా సాగుతుంది కాబట్టి ఒక్కో ముక్క 1.5 మీటర్లకు మించకూడదని అక్కడి రేకు పనివాళ్ల నియమం. పొడవాటి ముక్క వేసి మిగుల్చుకున్నామనుకున్న వాళ్లకు కొన్నేళ్లలో దాని నడుమ నిలువు చీలిక కనిపిస్తుంది.

చిమ్నీ వెనకవైపు, అంటే కొప్పు వైపు, వాలు మీద వచ్చే నీరంతా ఇటుక గోడకు ఢీకొని ఆగుతుంది. ఆకులు, మంచు కూడా అక్కడే చేరతాయి. చిన్న చిమ్నీకి వెడల్పాటి రేకు చాలు. పెద్ద చిమ్నీకి వెనక చిన్న రెండు వాలుల కప్పు కట్టి నీటిని ఇరుపక్కలకూ మళ్లించాలి. దాన్ని క్రికెట్ అంటారు. కొప్పుకు సమాంతరంగా కొలిస్తే 30 అంగుళాలు మించి వెడల్పున్న చిమ్నీ కొప్పును తాకకుండా వాలు మధ్యలో ఉంటే ఇది తప్పనిసరి అని అమెరికాలోని అంతర్జాతీయ నివాస భవన నియమావళి చెబుతుంది. ఆ నియమాలు రాకముందు కట్టిన ఇళ్లలో ఇది లేకపోవడం వింతేం కాదు.

క్రౌన్ సంగతి తేలిక. పాత మేస్త్రీలు మిగిలిన గారనే నెత్తిన వాలుగా మెత్తి వదిలేసేవారు. అది పలచన, అంచు గోడతో సమానం, కాబట్టి నీరు గోడ మీదే జారుతుంది; పైగా ఫ్లూ గొట్టం వేడికి సాగినప్పుడల్లా దాన్ని పగలగొడుతుంది.

ఇటుకలూ వాటి మధ్య గారా వేరే కథ. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. తడిసిన ఇటుకలో ఈ ఉబ్బు చలికాలమంతా జరిగితే ముఖం పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. చాలాసార్లు దీనికి మూలం ఎవరో చేసిన మరమ్మతే. లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. 20వ శతాబ్దంలో అది ప్రతి మేస్త్రీ చేతికీ వచ్చాక, సున్నపు గార పోయిన సందుల్ని గట్టి సిమెంటుతో నింపడం అలవాటైంది. గార ఇటుక కంటే మెత్తగా ఉండాలి. తేమ గారలోంచి ఆరిపోవాలి, అరిగితే గార అరగాలి. సిమెంటు సందులో తేమకు దారి మూసుకుపోతుంది, అది ఇటుకలోంచి బయటపడుతుంది, ఇటుక పగులుతుంది. కొన్ని చిమ్నీల మీద ఇటుక అరిగి లోపలికి పోయి, సిమెంటు గీతలు మాత్రం గళ్ల చట్రంలా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి. బొగ్గు వాడిన చిమ్నీల్లో ఇంకో ముప్పు: మసిలోని సల్ఫేటులు నీటితో కలిసి సిమెంటు గారను ఉబ్బిస్తాయి. ఎక్కువగా తడిసే వైపు గార ఎక్కువ ఉబ్బి చిమ్నీ మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది.

ఆచూకీ తీయడం

మొదటి పరికరం కాగితం, కలం. ఏ రోజు కారింది, వాన ఎంతసేపు పడింది, గాలి ఎటునుంచి వీచింది, వాన మొదలైన ఎంతసేపటికి చుక్క కనిపించింది అన్నవి రాసుకుంటే కారణం సగం తేలుతుంది. వాన పడగానే కారితే నీటికి తిన్నని దారి ఉన్నట్టు. ఫ్లాషింగ్‌నో, క్యాప్ లేని ఫ్లూనో చూడాలి. గంటల తరబడి కురిశాక, ఒక్కోసారి వాన వెలిసిన మర్నాడు, మెల్లగా చెమ్మ తేలితే ఇటుక నీరు తాగి నిదానంగా వదులుతున్నట్టు. ఒక దిక్కు గాలికే కారితే ఆ వైపు గోడ. ఎండకాసి మంచు కరిగేటప్పుడే కారితే చిమ్నీ వెనకవైపు. ఏ వాతావరణంతోనూ సంబంధం లేకపోతే ఆవిరి.

తర్వాత అటకెక్కి టార్చి వేసి చూడాలి. నీరు వాసం అడుగున అతుక్కుని పాకి, ఏదో మేకు దగ్గరో కర్ర ముడి దగ్గరో తెగి పడుతుంది. కాబట్టి కింద మరక కనిపించిన చోటి నుంచి వాసం వెంబడే పైకి మరకను తరుముకుంటూ పోవాలి. ఒకదానిలో ఒకటిగా చాలా వలయాలుంటే అది పాత లీకు, తడిసి ఆరుతూ ఉందని అర్థం. అటకలో చిమ్నీ ఇటుకల మీద తెల్లటి ఉప్పు పూసి ఉంటే నీరు ఇటుకల గుండానే వస్తోంది. చిమ్నీకి దూరంగా కూడా కప్పు మేకుల మొనలన్నీ తుప్పు పట్టి ఉంటే చిమ్నీ నిర్దోషి. ఇంట్లోని వేడిగాలి అటకలోకి చేరి మేకుల మీద మంచు కట్టి కరుగుతోంది. చిమ్నీకి అడుగు దూరంలోని బాత్రూం గాలి గొట్టం రబ్బరు చిరిగి, నేరం చిమ్నీ మీద పడ్డ ఇళ్లూ ఉన్నాయి.

ఇవేవీ తేల్చకపోతే గొట్టంతో నీళ్లు పోసి చూస్తారు. ఇద్దరు కావాలి: ఒకరు కప్పు మీద, ఒకరు అటకలో. కింది నుంచి పైకి రావాలన్నదే ఇందులో అసలు నియమం. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లనూ తడుపుకుంటూ దిగుతుంది, ఏది దోషో తెలియదు. మొదట చిమ్నీకి దిగువన షింగిల్స్ మాత్రమే తడపాలి. అటకలో మనిషి ఏమీ లేదంటే చిమ్నీ ముందు రేకు, తర్వాత ఒక పక్క మెట్ల రేకు, తర్వాత రెండో పక్క, తర్వాత వెనక, ఆ పైన ఇటుకలు, చివరికి క్రౌన్. ఒక్కో చోట పావుగంటకు తగ్గకుండా, వానలా మెల్లగా పోయాలి. నాజిల్ బిగించి షింగిల్ కిందికి ఎగజిమ్మితే ఏ మంచి కప్పైనా కారుతుంది. దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు. అటకలో చుక్క కనపడగానే ఆపి, గుర్తు పెట్టి, ఆరాక అదే చోట మళ్లీ పోసి రూఢి చేసుకోవాలి. ఇటుకల పరీక్షను వేరే రోజుకు పెట్టుకోవడం నయం, ఎందుకంటే మందపాటి గోడ నీటిని మింగి కక్కడానికి గంటలు పడుతుంది. తొందర పడేవాళ్లు సరిగ్గా ఇక్కడే అది నిర్దోషి అని తీర్పు ఇచ్చేస్తారు.

వాడుకలో లేని చిమ్నీ అయితే ఇంకో సులువు ఉంది. కౌంటర్ ఫ్లాషింగ్‌కు పైభాగం మొత్తం పాలిథీన్ పట్టతో చుట్టి ఒకటి రెండు వానలు చూడాలి. కారడం ఆగితే దోషం ఇటుకల్లోనో నెత్తినో ఉంది, ఆగకపోతే రేకుల్లో ఉంది. గ్యాసు హీటరు గానీ బాయిలరు గానీ కలిపి ఉన్న చిమ్నీకి ఈ పని చేయకూడదు. పొగ వెనక్కి తన్ని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో నిండుతుంది, దానికి వాసన ఉండదు. ఇటుక ఎంత నీరు పీలుస్తుందో కొలవడానికి కార్‌స్టెన్ గొట్టం అనే చిన్న గాజు గొట్టాన్ని గోడకు అంటించి నీటిమట్టం తగ్గడాన్ని చూస్తారు. తేమ మీటర్లూ థర్మల్ కెమెరాలూ తడి ఎంతమేర పాకిందో చెబుతాయి గానీ ఎక్కడ మొదలైందో చెప్పవు. వాటి రంగురంగుల బొమ్మలు చూసి చెక్కు రాసేయడం తొందరపాటు. ఫ్లూ లోపలి సంగతి కెమెరాతోనే తెలుస్తుంది. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం చిమ్నీని ఏటా చూడమంటుంది, ఇల్లు చేతులు మారేటప్పుడు రెండో స్థాయి తనిఖీ జరగాలంటుంది. ఇల్లు కొనేవాళ్లు మామూలు ఇంటి తనిఖీతో సరిపెట్టుకోకుండా దీన్ని విడిగా అడిగి చేయించుకోవాలి.

మరమ్మతు

పని పైనుంచి కిందికి సాగాలి. వెతకడానికీ బాగుచేయడానికీ దిక్కు ఇలా తలకిందులవుతుంది. కారణం మామూలే: పైన పని చేసేటప్పుడు రాలిన గారా ఇటుక ముక్కలూ కింద కొత్తగా వేసిన రేకు మీద పడకూడదు.

క్యాప్ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే మేలు. ఇనుప రేకుది కొన్నేళ్లలో తుప్పు కారి ఇటుకల మీద ఎర్రటి చారలు గీస్తుంది. అమెరికాలో చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పక్షులు ఫ్లూలలో గూళ్లు కడతాయి; 1918 నాటి వలసపక్షుల చట్టం వాటికి రక్షణ ఇస్తుంది కాబట్టి గుడ్లు, పిల్లలు ఉన్న గూడును తీయకూడదు, అవి ఎగిరిపోయేదాకా ఆగాలి. పగిలిన క్రౌన్‌ను పూతలతో మూసే బదులు తీసేసి కాంక్రీటుతో పోయించడం మంచిది: అంచున కనీసం 2 అంగుళాల మందం, గోడ దాటి రెండు రెండున్నర అంగుళాల చూరు, చూరు అడుగున నీరు తెగిపడే గాడి. క్రౌన్‌కూ ఫ్లూ గొట్టానికీ మధ్య సందు వదిలి, అక్కడ మాత్రం సాగే సీలెంటు నింపాలి. మన మేస్త్రీలు కిటికీ సన్‌షేడు అడుగున తీసే గాడి పనిచేసేదీ ఈ చూరు గాడి సూత్రం మీదే.

గార సందుల పనికి అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ వెలువరించిన పరిరక్షణ పత్రాలు నమ్మదగిన మార్గదర్శకాలు. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు వరకు పాత గార తీసేయాలని, కొత్తది ఒకేసారి కూరకుండా పావు అంగుళం చొప్పున పొరలుగా నింపాలని అవి చెబుతాయి. పాత ఇటుకకు సున్నపు గార గానీ, టైప్ ఓ, టైప్ ఎన్ వంటి మెత్తటి మిశ్రమాలు గానీ తగినవి. ఏఎస్‌టీఎం సీ270 ప్రమాణంలో టైప్ ఎం బలం చదరపు అంగుళానికి 2,500 పౌండ్లు, టైప్ ఓ బలం 350. బలం ఎక్కువుంది కదా అని టైప్ ఎం వాడే మేస్త్రీని పనికి పెట్టుకోవడం కంటే లీకుతో బతకడం నయం. గ్రైండరుతో సందులు కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పనిచోట ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించకూడదన్నది అమెరికా కార్మిక భద్రతా నిబంధన. పాత మెత్తటి ఇటుకల మధ్య గ్రైండరు అంచులు తినేస్తుంది కూడా, ఉలీ సుత్తే మేలు.

ఫ్లాషింగ్ పోతే పాతదంతా పీకి, చుట్టూ రెండు మూడు వరసల షింగిల్స్ లేపి, మొదటినుంచి కట్టడమే మార్గం. రాగి, సీసం ఎక్కువ కాలం నిలుస్తాయి. రాగి పక్కన జింకు పూసిన ఇనుప మేకులు వాడకూడదు, తడిలో ఆ రెండు లోహాలు కలిస్తే ఇనుము తినిపోతుంది. కొత్త సీసం రేకుకు నూనె పూత పూయకపోతే మొదటి వానలకే తెల్లటి చారలు పెంకుల మీదికి దిగుతాయి. తారు పూత తుఫాను ముంగిట రాత్రికి రాత్రి చేసే ఆపద్ధర్మం, అంతకు మించి దానికి విలువ లేదు. పైగా అది అంటుకున్న రేకునూ ఇటుకనూ తర్వాత శుభ్రం చేయడం రెట్టింపు పని.

ఇటుక మరీ నీరు పీలుస్తుంటే సైలేన్, సిలోక్సేన్ రకం నీరంటని ద్రవాలు పూస్తారు. ఇవి ఆవిరిని బయటికి పోనిస్తాయి. రంగులు, పొర కట్టే సీలర్లు పోనివ్వవు. లోపలి తడిని బంధించి, చలికాలంలో ఇటుక ముఖం ఊడగొడతాయి. ఏది పూసినా రేకులూ గారా బాగైన తర్వాతే. బీటను వదిలేసి ద్రవం పూయడం డబ్బు పారబోయడమే. ఆవిరి వల్ల వచ్చే లీకుకు ఇవేవీ పనికిరావు. హీటరుకు తగిన కొలతలో లోపల అల్యూమినియం లేదా స్టీలు గొట్టం దించాలి, లేదా చిమ్నీ అక్కరలేని హీటరుకు మారాలి.

మరమ్మతు అయ్యాక గోడ వెంటనే ఆరదు. అంగుళం మందానికి నెల అన్నది బ్రిటన్‌లో వాడుకలో ఉన్న మోటు లెక్క. తొందరపడి రంగు వేస్తే పొక్కులు లేస్తుంది. బొగ్గు మండిన చిమ్నీ గోడల్లోనైతే, నీరు ఆగిపోయినా మరక పోదు. మసి నుంచి గోడలోకి చేరిన క్లోరైడు, నైట్రేటు లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ముసురు పట్టిన రోజు మరక తడిగా కనిపిస్తుంది, ఎండ కాస్తే మాయమవుతుంది. ఇది చూసి లీకు మళ్లీ వచ్చిందని కప్పు విప్పించిన వాళ్లున్నారు. అక్కడి ప్లాస్టరు కొట్టేసి కొత్తది వేయడమే దానికి మందు.

వాడని చిమ్నీ

ఎప్పటికీ నిప్పు వెలిగించని చిమ్నీకి ఇంత ఖర్చు ఎందుకన్న ప్రశ్న సహజం. ఉంచదలిస్తే నెత్తిన వాన పడని, గాలి ఆడే క్యాప్ పెట్టి, కింద మూసేసిన నిప్పుగూడు దగ్గర చిన్న జాలీ వదలాలి. రెండు చివరలూ బిగించేస్తే లోపల చెమ్మ ఊరుతుంది. తీసేయదలిస్తే కప్పుకు దిగువ వరకు ఇటుకలు విప్పి, ఫ్లూ నోరు మూసి, వాసాలు, పలకలు కలిపి ఆ కంతను మామూలు కప్పుగా మార్చవచ్చు. దాంతో ఫ్లాషింగ్ అన్న మాటే ఉండదు. కింది గదుల్లో ఉన్న చిమ్నీ భాగాన్ని తీసి, పై భాగాన్ని అటకలో వదిలేయడం మాత్రం ప్రమాదం. టన్నుల బరువు గాలిలో వేలాడుతుంది, ఇంజినీరు లెక్క కట్టిన ఉక్కు దూలం కింద లేకుండా అలా చేయకూడదు. ఇంగ్లండు, వేల్స్‌లలో రెండిళ్లకు ఉమ్మడి గోడలో ఉన్న చిమ్నీ అయితే 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం పక్కింటి వాళ్లకు ముందుగా నోటీసు ఇవ్వాలి. వాళ్ల ఫ్లూ అదే స్తంభంలో ఉండి ఇంకా పొగ వదులుతూ ఉండవచ్చు.